ఎడమచేత్తో రాసిన ఐదు భోజనాలు

ఇది రాయవలసి వచ్చిన కారణం

మా గ్రంథాలయంలో బల్ల మీద ఒక నోటుపుస్తకం పడి ఉంది. దాన్ని బీరువాలో పెట్టడానికి వీల్లేదని కార్యవర్గం తీర్మానించింది. పారవెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. అందుకని బల్ల మీదే ఉంది. యాభై పుటల పైచిలుకు నా స్వహస్తంతో రాసిన ఆ పుస్తకాన్ని చదవగలిగినవాళ్ళు ఇంతవరకు దొరకలేదు, నాతో సహా. అందులో ఏముందో జ్ఞాపకంలోంచి తోడుకుని, నలుగురికీ తెలిసే అక్షరాల్లో ఉగాదిలోపల రాసి ఇమ్మని అధ్యక్షులు వెంకటరత్నం గారు గడువు పెట్టారు. ఇస్తే గ్రంథాలయం తాళంచెవి నాది. ఇవ్వలేకపోతే వారి మేనల్లుడిది. ఈ యాత్ర కాగితం మీదికి రావడానికి మొదటి కారణం అది. కర్నూలు, కడప చూడనివాళ్ళకు పనికొస్తుందన్నది రెండో కారణం.

బందరుకు ఎనిమిది మైళ్ళ దూరంలో మా ఊరు. అక్కడ బట్టల కొట్లో నేను గుడ్డ కొలుస్తాను. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా గ్రంథాలయంలోదే. మొదటి బీరువా పూర్తిగా, రెండో బీరువాలో పైనుంచి మూడు అరలు, వరసగా, ఒక్క పుస్తకం వదలకుండా చదివాను. కాబట్టి ఖగోళం, పశువైద్యం, రోము చరిత్ర, ఆరోగ్యం నాకు బాగా తెలుసు. భూగోళం నాలుగో అరలో ఉంది. ఈ ప్రయాణంలో జరిగిన కొన్ని పొరపాట్లకు అదే మూలం.

మా పాత గ్రంథపాలకుడు బెజవాడ వెళ్ళిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. నేను అడిగాను. వెంకటరత్నం గారి మేనల్లుడూ అడిగాడు. "వాడికి స్కూలు ఫైనలు ప్యాసైన కాగితం ఉంది. నీకేముందయ్యా?" అన్నారు అధ్యక్షులు.

"రెండు బీరువాలున్నాయండి" అన్నాను.

"ఒకటిన్నర" అని సవరించాడు మేనల్లుడు.

చివరికి వెంకటరత్నం గారు ఒక దారి చెప్పారు. మన ఊరివాడు రాసిన పుస్తకం మన బీరువాల్లో ఒక్కటీ లేదు, ఒకటి రాసి పట్టుకొస్తే అప్పుడు చూద్దామన్నారు. నేను అక్కడే నిలబడి పుస్తకం పేరు చెప్పేశాను: 'ఏకాంత భోజన దినచర్య'. మూడో అరలో అట్టా, మొదటి పదహారు పుటలూ చెదలకు పోయిన ఆరోగ్య పుస్తకం ఒకటుంది. మనిషి ఒంటరిగా, మౌనంగా భోంచెయ్యాలని, ముద్దకు ముప్పైరెండు సార్లు నమలాలని, నాలుకకూ మనసుకూ తోచింది అప్పటికప్పుడే రాసుకోవాలని, అలా చేస్తే బుద్ధి పదునెక్కుతుందని దాని సారాంశం. మా ఇంట్లో మేం పదకొండు మందిమి. ఏకాంతం కావాలంటే రైలెక్కక తప్పదు. కొట్లో పది రోజులు సెలవడిగి, కొత్త రాజధాని కూడా చూసినట్టుంటుందని కర్నూలుకు బయల్దేరాను.

చిక్కల్లా చేతితో వచ్చింది. తినే చెయ్యి కుడిది, రాసే చెయ్యి కూడా కుడిదే. ఎంగిలి చేత్తో పెన్సిలు పట్టుకుంటే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు. పైగా గ్రంథాలయం గోడ మీద 'తడి చేతితోగాని ఎంగిలి చేతితోగాని పుస్తకములు ముట్టరాదు' అని నల్లబల్లపై తెల్లరంగుతో రాసింది స్వయానా నేనే. అందుకని రెండు నెలలు ఎడమచేత్తో రాయడం అభ్యాసం చేశాను. కొట్లో తానుల చీటీలు కూడా ఆ చేత్తోనే రాశాను. ఆ రెండు నెలలూ ఏ తాను ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు గాని, నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

కర్నూలు: మొదటి భోజనం

కర్నూలు అప్పుడు ఊరికన్నా పెద్ద విడిదిలా ఉండేది. ఎక్కడ చూసినా డేరాలు. డేరాల్లో కచేరీలు, డేరాల్లో కాపురాలు. రాజధాని వచ్చింది గాని కుర్చీలు రాలేదని అక్కడివాళ్ళు అనుకునేవారు. అందులో అబద్ధం లేదని మొదటి పూటే తెలిసింది.

భోజన హోటల్లో ఒక్కో కుర్చీ వెనక ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు. కూర్చున్నవాడు లేవగానే కూర్చోవడానికి. నా వెనక నిలబడ్డది సచివాలయంలో గుమస్తా, మద్రాసు నుంచి ఫైళ్ళతోపాటు వచ్చినవాడు. పేరు పట్టాభి. ఆయన పొట్ట నా వీపుకు తగులుతోంది. అది మినహాయిస్తే నేను ఏకాంతంగానే ఉన్నాను.

భోజనం పది అణాలు. మా వైపు ఎనిమిదే. అయితే మా వైపు అన్నంతో మొదలుపెడితే ఇక్కడ ముందు జొన్నరొట్టె పడుతుంది, పక్కన ఎర్రటి కారం. ఆ కారాన్ని మొదటి ముద్దలో ముప్పైరెండు సార్లు నమిలాను. ఆ ముద్దకు నేను రాసుకున్నదాని మీద నా కన్నీళ్ళు పడ్డాయి.

వడ్డించే మనిషి పేరు తిమ్మప్ప. ఆయన పద్ధతి ఏమిటంటే, "చాలు" అని నోటితో అంటేనే ఆగుతాడు. నా పద్ధతి మౌనం. ఆయన అన్నం పెడుతున్నాడు, నేను తల ఊపుతున్నాను. తల ఊపడం ఆ ప్రాంతంలో 'కానీ' అని అర్థమట. అన్నం ఆకు అంచు దాటే వేళకు పెన్సిలుతో ఉన్న ఎడమచేతిని అడ్డం పెట్టాను. తిమ్మప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమప్పా, అన్నానికి ఎడంచెయ్యి అడ్డం పెడతాండావు? మేమేమన్నా తప్పు చేసినామా?"

జవాబు చెప్పడానికి వీల్లేదు కనుక నోటుపుస్తకంలో 'మౌనం' అని రాసి చూపించాను. తిమ్మప్పకు చదువు రాదు. వెనకనున్న పట్టాభి గారు వంగి, కళ్ళు చికిలించి, బిగ్గరగా చదివారు.

"మోసం."

హోటలంతా ఒక్కసారి ఆగింది. "మోసమంట" అని ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్ళింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని లేచి వచ్చేశాడు.

"ఏం మోసమప్పా? పెరుగులో నీళ్ళు పోసినామని ఎవడన్నా చెప్పినాడా నీకు? ఒక్క చెంబు. పాలు తక్కువొచ్చినపొద్దు మాత్రమే పోస్తాము."

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. పది మంది ఒకేసారి పెరుగు గిన్నెల్లోకి చూసుకున్నారు. నాకు మౌనం వదలక తప్పలేదు. "మౌనం అండి. మౌనం అని రాశాను. మాట్లాడకుండా తినాలని నియమం" అన్నాను.

"తినేటప్పుడు మాట్లాడకపోతే ఇంగెప్పుడు మాట్లాడతావప్పా, నమిలేటప్పుడా?" అన్నాడు తిమ్మప్ప. అని, మరో గరిటె వేశాడు.

పట్టాభి గారు మాత్రం నా పుస్తకాన్నే చూస్తున్నారు. "పైన 'విషయం' అని రాయలేదే? కింద 'తగు చర్య నిమిత్తం' అనైనా ఉండాలి" అన్నారు. నేను లేస్తే ఆయన కూర్చున్నారు. నా పుస్తకం మీద సాంబారు చుక్కలు నాలుగు, అన్నీ కుడివైపు పుటలోనే.

సాయిబు హోటలు: రెండో భోజనం

మరునాడు పొద్దున, మనుషులు తక్కువగా ఉండే చోటు వెతుక్కుంటూ బురుజు దగ్గర ఒక చిన్న హోటలుకు వెళ్ళాను. యజమాని మస్తాన్ సాయిబు. నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు. రొట్టె, కుర్మా ఆరణాలు, చాయ అణా. మా ఊళ్ళో నేను సాయిబుల హోటల్లో తినలేదు. మా అమ్మ ఇది చదవదు కనుక రాస్తున్నాను: ఆ కుర్మా లాంటిది మా ఊళ్ళో లేదు.

మూల బల్ల దగ్గర కూర్చుని, రొట్టె తుంచి నములుతూ, ఎడమచేత్తో రాస్తున్నాను. ఎడమచెయ్యి అక్షరాన్ని తనవైపుకే లాక్కుంటుంది. గుడులన్నీ తోకలయ్యాయి, కొమ్ములన్నీ వాలిపోయాయి. మస్తాన్ సాయిబు దూరం నుంచి చాలాసేపు చూసి, సంతోషంగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు ఉర్దూ వచ్చని చెప్పల్యా?"

నేను తల అడ్డంగా ఊపాను. నిన్నటి అనుభవంతో వెంటనే నోటితో కూడా "రాదండి, ఇది తెలుగే" అన్నాను. ఆయన నమ్మలేదు. కళ్ళజోడు తెప్పించి పెట్టుకుని పుస్తకాన్ని ముందు ఇటు, తరవాత అటు, ఆ తరవాత తలకిందులుగా చూశాడు.

"అలిఫ్ కనబడతాండాది. లామ్ కనబడతాండాది. మాట మాత్రం యాడా కనబడల్యా." పుస్తకం నా చేతికిచ్చాడు. "ఏం రాస్తాండావప్పా ఇంతకీ?"

నియమాలన్నీ చెప్పాను. ఏకాంతం దగ్గరికి వచ్చేసరికి ఆయన నొచ్చుకున్నట్టు కనిపించాడు. తమ ఇళ్ళల్లో పెండ్లికి ఒక పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తింటారని, మనిషి ఒక్కడే తింటుంటే చూసేవాళ్ళకు భయం వేస్తుందని చెప్పాడు. "జ్వరమొచ్చినోడు తింటాడు ఒక్కడే. నీకేం జ్వరం ల్యాదు గదా?" అంటూ తన రొట్టె తెచ్చుకుని నా పళ్ళెంలోని కుర్మాలో ముంచాడు.

ఒకరి పళ్ళెంలో ఇంకొకరు చెయ్యి పెట్టడం గురించి ఒకటిన్నర బీరువాల్లో ఎక్కడా లేదు. లేద్దామా అనుకున్నాను. కుర్మా చూస్తే సగానికి పైన ఉంది. కూర్చున్నాను.

ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం. ఆయన మధ్యలో ఒక మాట అన్నాడు. "తినేటప్పుడు తిను, రాసేటప్పుడు రాయి. రెండు చేతులకూ రెండు పనులిస్తే రెండూ నిన్ను నమ్మవు." ఆ మాట బాగుందనిపించి వెంటనే ఎడమచేత్తో రాసుకున్నాను. ఇప్పుడది పుస్తకంలో ఎక్కడుందో తెలియదు. నూనె మరక పక్కన అని మాత్రం గుర్తు.

మంత్రాలయం: మూడో భోజనం

కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా బస్సు. దారి పొడుగునా నల్లరేగడి, పత్తి, మధ్యమధ్య ఏ చెట్టూ లేని దూరం. మా కాలవగట్ల మనిషికి అంత ఆకాశం ఒకేసారి చూస్తే కొంచెం దడగా ఉంటుంది. తుంగభద్రలో మార్గశిరపు నీళ్ళు రాళ్ళ మధ్య పాయలుగా పారుతున్నాయి. స్నానం చేసి, స్వామి దర్శనం చేసుకుని, యాత్రికుల సత్రానికి వెళ్ళాను. ఇక్కడ మౌనానికి లోటు ఉండదని నా నమ్మకం. నిజంగానే లోటు లేదు. పంక్తిలో నలభైమంది మాట్లాడకుండా తింటున్నారు. నా బుద్ధి పదునెక్కే చోటు ఇదేననుకున్నాను.

ముద్దకు ముప్పైరెండు. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. మధ్యలో ఎడమచేత్తో రాత. చారు అన్నంలోకి వచ్చేసరికి పంక్తి అంతా తినడం ఆపేసినట్టు అనిపించింది. తలెత్తాను. నలభైమందీ నన్నే చూస్తున్నారు. ఆకులన్నీ ఖాళీ. చేతులన్నీ ఎండిపోయాయి. ఆ సత్రంలో అందరూ తినడం పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదట. ఆ కట్టుబాటు తెలిసిన నలభైమందీ, తెలియని నేనూ ఒకే వరసలో కూర్చున్నాం.

నా పక్కన ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. పేరు గౌరమ్మ. ఆమె గుసగుసగా అడిగింది.

"అప్పా, నా బస్సు పోతాది. నువ్వింగా ఎన్ని ముద్దలు తింటావు?"

"పదకొండుంటాయండి. ఒక్కోటి ముప్పైరెండు సార్లు నమలాలి."

"నీకు ముప్పైరెండు పండ్లుండాయి, ముప్పైరెండుసార్లు నములుతాండావు. నాకు నాలుగుండాయి. నేను నాలుగుసార్లు నమిలినా, అయిపాయ."

పంక్తిలో మౌనం పోయింది. నవ్వు ఆ చివరిదాకా వెళ్ళింది. సత్రం పెద్దాయన కూడా అటు తిరిగి నవ్వుకున్నాడు. మిగిలిన పదకొండు ముద్దలూ నేను ఎలా మింగానో ఏ పుస్తకంలోనూ రాయలేదు. చేతులు కడుక్కునే దగ్గర నలభైమందీ నాకు దారి ఇచ్చారు, మళ్ళీ ఆలస్యం చేస్తానేమోనని.

గౌరమ్మ బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సుకు రెండు గంటలు. నేను వెళ్ళి క్షమించమన్నాను. ఆమెకు కోపం ఎక్కడా లేదు. తిట్టవలసిన మాట పంక్తిలోనే అనేసింది గదా. "యాడికి పోతాండావు?" అంది. కడపకు అన్నాను. "రైల్లో దుడ్లు పెడితే కూడా ఏమీ దొరకదు. దార్లో తింటావు, పెట్టుకో" అని, తన ప్రయాణానికి ఇంటినుంచి కట్టుకొచ్చుకున్న చిత్రాన్నం పొట్లం నా సంచిలో పెట్టింది. వద్దన్నాను. "నువ్వు సగం ఆకలితో లేచినావు. నేను చూసినా" అంది. నలభైమంది నా ఆలస్యాన్ని చూశారు, ఆమె ఒక్కతే నా ఆకలిని చూసింది.

ఎర్రగుంట్ల: నాలుగో భోజనం

ఆ రాత్రి మంత్రాలయం రోడ్డు స్టేషన్లో రైలెక్కాను. గుంతకల్లులో రైలు చాలాసేపు ఆగింది. ఎర్రగుంట్లలో కూడా అంతే ఆగుతుందనుకుని సంచి భుజాన వేసుకుని నీళ్ళకోసం దిగాను. ఎర్రగుంట్ల ఎంత పెద్దదో, గుంతకల్లు ఎంత పెద్దదో నాలుగో అరలో ఉంటుంది. చెంబు నిండేలోపల రైలు వెళ్ళిపోయింది.

తరవాతి రైలు సాయంత్రానికి. స్టేషను బయట నాపరాళ్ళు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి, ఎక్కించడానికి. ఆ పూట పనివాళ్ళెవరూ లేరు. ఒక దొంతర మీద కూర్చున్నాను. చుట్టూ కనుచూపు మేరా మనిషి లేడు. గాలి లేదు. చప్పుడు లేదు. వెనక ఎవరి పొట్టా తగలడం లేదు, పళ్ళెంలో ఇంకొకరి చెయ్యి లేదు, నా కోసం ఎవరి చెయ్యీ ఎండిపోవడం లేదు. మేక ఒకటి ఉంది, అది లెక్కలోకి రాదు. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్న ఏకాంతం ఇదే.

పొట్లం విప్పాను. నిమ్మకాయ, వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయ. ముద్దకు ముప్పైరెండు సార్లు నమిలాను. ఎక్కడా లెక్క తప్పలేదు. పెన్సిలు చెక్కుకుని, ఎడమచెయ్యి తొందరపడకుండా, నిదానంగా రాయడానికి కూర్చున్నాను.

ఏమీ రాలేదు.

ఎంతసేపు చూసినా రాలేదు. నాలుకకు పులుపు తెలిసింది, కారం తెలిసింది. మనసుకు మాత్రం ఒకటే తోస్తోంది: ఆ ముసలమ్మ నిన్న బస్సులో ఏం తిని ఉంటుంది అని. అది నా భోజనం గురించి కాదు కనుక రాయలేదు. చివరికి అక్షరం అక్షరం దిద్దుకుంటూ ఒక్క మాట రాశాను. 'తిన్నాను.' పుస్తకం మొత్తంలో ఎవరైనా చదవగలిగిన మాట అదొక్కటే. విస్తరాకు మేక తినేసింది.

కడప: ఐదో భోజనం

కడపలో స్టేషనుకు కొంచెం దూరాన ఓబులమ్మ అనే ఆమె ఇంట్లోనే భోజనాలు పెడుతుందని రైల్లో ఒకాయన చెప్పాడు. యాభై ఏళ్ళ మనిషి. పెద్ద గొంతు. వంటింట్లోంచే వీధిలో పోయేవాళ్ళను పలకరిస్తుంది. ఇద్దరు లారీ డ్రైవర్లు తిని, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళు తినేశారు కనుక నేను ఒక్కణ్ణే.

"రా నాయనా. సంగటి, ఊరిబిండి, అనపకాయ కూర. సరిపోతాదా?"

రాగిసంగటి నేనెప్పుడూ తినలేదు. తలకాయంత ముద్ద. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. ఊరిబిండి అంటే మిరపకాయలు, చెనక్కాయలు రోట్లో నూరిన పచ్చడి. ఎర్రగుంట్లలో పుట ఖాళీగా పోయిందని నాలో దిగులు. ఈసారి ఒక్క ముక్క వదలకూడదని పుస్తకం మీదే చూపు పెట్టి, కుడిచెయ్యి దాని పని అది చేసుకుంటుంటే, ఎడమచేత్తో ఆరు పుటలు రాశాను. సంగటిని నమలకూడదట, మింగాలట. అరుగు మీద డ్రైవరు అరిచి చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి నా దవడలు అతుక్కుపోయాయి.

తిన్నాక ఓబులమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏం రాసినావో సదువు నాయనా. నా వంట గురించి ఇంతవరకు ఎవరూ రాయల్యా."

పుస్తకం తిప్పాను. ఆరు పుటలు. ఒక్క అక్షరం నాకు తెలియడం లేదు. అది గౌరవంగా ఒప్పుకుని ఉంటే సరిపోయేది. ఎదురుగా ఆమె చెవులొగ్గి కూర్చుంది, అరుగు మీద ఇద్దరు మెడలు సాచారు. ఒకటిన్నర బీరువాలు చదివినవాణ్ణి, నా రాత నాకు రాదని ఎలా చెప్పను? గొంతు సవరించుకుని చదువుతున్నట్టు మొదలుపెట్టాను.

"ఆనపకాయ లేతది. చెక్కు తీసి, లోపలి గింజలు శుభ్రంగా తీసి పారేసి, సన్నని ముక్కలుగా తరిగి..."

ఓబులమ్మ చెయ్యెత్తింది.

"గింజలు తీసేసినానా?"

"శుభ్రంగా తీశారండి."

"అనపకాయలో గింజలు తీసేస్తే ఇంగేముంటాది నాయనా? తొక్క ఉంటాది. నీకు తొక్కల కూర పెట్టినానా?"

అరుగు మీద డ్రైవరు ఒకడు నవ్వు ఆపుకోలేక కిందికి దిగిపోయాడు. మా వైపు ఆనపకాయ అంటే తీగకు వేలాడే పెద్ద కాయ, వీళ్ళు సొరకాయ అంటారు. వీళ్ళ అనపకాయ చిక్కుడులాంటిది, కూరంతా దాని గింజలే. మా వైపు వంకాయలు తెలుసు, బీరకాయలు తెలుసు, ఈ అనపకాయ తెలియదు. ఆ కూర నేను పళ్ళెం నిండా తిన్నాను. ఒక్క గింజ కూడా చూడలేదు. శ్రద్ధగా తినడమెలాగో రాసుకుంటూ, తింటున్నదేమిటో చూడలేదు.

ఇక దాచి లాభం లేదు. అన్నీ చెప్పేశాను. ఎడమచెయ్యి, ముప్పైరెండు, తాళంచెవి, మేనల్లుడు. ఇంటికి వెళ్ళి పుస్తకం ఇస్తే కార్యవర్గం చదవలేదు, చదవమంటే నేనూ చదవలేను. ఓబులమ్మ నా పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"రాసింది పోనీ. చేతులు బాగా కడుక్కోని రా. మొదటిరోజు ఏం తిన్నావో నోటితో చెప్పు."

చెప్పాను. తిమ్మప్ప దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. నేను ఎక్కడ తడుముకుంటే అక్కడ ఆమె అడిగింది: "ఆ సాయిబు రొట్టె ముంచినాడే, నువ్వేం చేస్తివి?" "ఆ అవ్వకు ఎన్ని పండ్లంటివి?" డ్రైవర్లు లోపలికి వచ్చి కూర్చున్నారు. అంతా అయ్యాక ఓబులమ్మ అదంతా మొదటినుంచి తిరిగి నాకు చెప్పింది. ఒక్క ముద్ద జారలేదు. ఆమె చెబుతుంటే నేను కుడిచేత్తో, నాలుగు కాగితాల మీద, ఏ రోజు ఎవరు ఏమన్నారో గుర్తుకోసం రాసుకున్నాను. ఇంత ఎలా గుర్తుంటుందని అడిగాను.

"నాకు సదువు ల్యాదు గదా, ఇంగ యాడ పెట్టుకుంటాను? ఎవరికి కారం ఎంత, ఎవరు మజ్జిగ తాగరు, అన్నీ నోట్లోనే." తరవాత కొంచెం ఆగి అడిగింది. "నువ్వు రాసినాక, నా మాదిరి సదువురానోళ్ళకు ఎవురన్నా సదివి ఇనిపిస్తారా మీ ఊర్లో?"

అలాంటి ఏర్పాటు మా గ్రంథాలయంలో లేదు. "వినిపిస్తారండి" అన్నాను.

కార్యవర్గం ముందు

ఊరికి వచ్చిన మూడోనాడు కార్యవర్గం కూర్చుంది. నాలుగు కాగితాలూ జేబులో పెట్టుకుని, పుస్తకం బల్ల మీద పెట్టాను. వెంకటరత్నం గారు దాన్ని రెండు వేళ్ళతో తెరిచారు. పసుపు, నూనె, ఎరుపు.

"ఇదేమిటి?"

"కర్నూలు సాంబారండి."

"ఇది?"

"సాయిబు గారి కుర్మా. ఆ ఎర్రటిది కడప ఊరిబిండి."

"చదవడానికి వీల్లేదు గాని, వాసన చూస్తే దారి తెలుస్తోంది" అన్నారు ఆయన. మేనల్లుడు మాత్రం గోడ మీది నల్లబల్లను చూపించాడు. ఎంగిలి చేతితో పుస్తకములు ముట్టరాదు. నా అక్షరాలు, కుడిచేతివి, ముత్యాల్లా ఉన్నాయి. అందరూ అటు చూశారు. తరవాత అతనే పుటలు తిప్పి, చదవగలిగిన మాట ఒకటి పట్టుకున్నాడు. "తిన్నాను" అని పైకి చదివాడు.

"యాభై పుటల్లో ఒక్క మాటా? ఒక్క మాటకు తాళంచెవి ఇమ్మంటావా?" అన్నారు అధ్యక్షులు.

నిజం చెప్పడం తప్ప నాకు వేరే దారి లేదు. ఏకాంతంగా తిన్న భోజనం అదొక్కటే, అందుకే ఒక్క మాట వచ్చింది, మిగతా నాలుగూ ఏకాంతం కావు, కనుక నేను పెట్టిన పేరే తప్పు అన్నాను. "మరి ఆ నాలుగింటిలో ఏం జరిగింది?" అన్నారు ఎవరో. జేబులోంచి కాగితాలు తీసి చూసుకుంటూ చెప్పాను. గౌరమ్మ పళ్ళ దగ్గర మేనల్లుడు నవ్వాడు, నవ్వి మామయ్య వైపు చూసి ఆపేశాడు. అప్పుడే ఉగాది గడువు పెట్టారు.

నాటి నుంచి రోజూ సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద ఆనాడు రాసింది బిగ్గరగా చదువుతున్నాను. కడపలో ఇచ్చిన మాట కోసం. మొదటిరోజు ఇద్దరు వచ్చారు. తరవాత బండివాళ్ళు, చేపలమ్మే ఇద్దరు ఆడవాళ్ళు, గ్రంథాలయం గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు వచ్చారు. మా అమ్మ కూడా వచ్చింది. ఆరోజు కుర్మా భాగం దాటేశాను. మేనల్లుడు రోజూ వస్తున్నాడు. పళ్ళ సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. వెంకటరత్నం గారు కూడా వచ్చి కూర్చుంటున్నారు. అనపకాయ రోజు చాలా ఆలస్యమైంది. ఆయనకు ఇంటికి వెళ్ళవలసిన పని ఉండి, తాళంచెవి నా ఒళ్ళో వేసి, "నువ్వు చదవడం అయ్యాక తాళం వేసుకుని వెళ్ళు" అన్నారు.

కృతజ్ఞతలు

మోసాన్ని బయటపెట్టిన పట్టాభి గారికి, చాలనేదాకా వడ్డించిన తిమ్మప్పకు, ఒక్క చెంబే అని నిజం చెప్పిన హోటలు యజమానికి నా నమస్కారాలు. నన్ను జ్వరం లేని మనిషిగా చూసిన మస్తాన్ సాయిబు గారికి, బస్సు పోయినా పొట్లం ఇచ్చిన గౌరమ్మ గారికి, ఎండిన చేతులతో ఓపిక పట్టిన నలభైమందికి, నా యాత్ర నాకు తిరిగి చెప్పిన ఓబులమ్మ గారికి, అరుగు మీద నవ్విన ఇద్దరు డ్రైవర్లకు, వాళ్ళ పేర్లు అడగనందుకు క్షమాపణతో, వందనాలు. పళ్ళ సంగతి రెండుసార్లు విన్న మేనల్లుడు రామ్మోహనరావుకు కూడా. ఏకాంతంగా తిననివ్వనందుకు వీళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను.

చివరగా వెంకటరత్నం గారికి. తాళంచెవి నా ఒళ్ళో వేసి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. వెనక్కి అడగడం ఆయన మరిచిపోయారు. పెద్దలకు మతిమరుపును గుర్తు చెయ్యడం మర్యాద కాదని రెండో బీరువా మూడో అరలో ఉంది.